దిండి రేవులో జానెడు తేడా: కాళ్ళు సహకరించని జంటకి కోనసీమ పడవ యాత్ర

జనవరి 20, సోమవారం – రాజమండ్రి, ధవళేశ్వరం

గోదావరి మీద పడవ ఎక్కాలంటే దూరం సంగతి తర్వాత, ముందు మెట్టు ఎత్తు చూసుకోవాలి. మావారికి పక్షవాతం వచ్చాక ఎడమ కాలూ చెయ్యీ సగమే మాట వింటున్నాయి, బయట తిరగాలంటే వీల్‌చైర్ కావాలి. నాకు రెండు మోకాళ్ళూ అరిగాయి, చేతికర్రతో నడుస్తాను. అందుకే తేదీలు సెలవుల్ని బట్టి కాకుండా పంచాంగం చూసి పెట్టుకున్నాం. పుష్య బహుళ అష్టమి, నవములకి దిండిలో ఉండాలన్నది లెక్క. దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలోకి సముద్రపు పోటు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో నీళ్ళు బాగా పైకి లేచి బాగా కిందికి దిగుతాయి. అష్టమి దాటిన రెండు మూడు రోజులు ఆ తేడా అన్నిటికన్నా తక్కువ. గట్టు ఉన్నచోటే ఉంటుంది, బోటు మాత్రం నీళ్ళతో పాటు లేచి దిగుతుంది. వీల్‌చైర్ వాళ్ళకి ఆ రెండింటి మధ్య ఖాళీయే అసలు సమస్య.

కాలం కూడా చూసుకోవాలి. పులస తినాలంటే వరదల్లో రావాలి, బోటు ఎక్కాలంటే వరదల్లో రాకూడదు. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. కార్తీక మాసంలో ఆదివారాలు వనభోజనాల జనం, సంక్రాంతికి ఊళ్ళ నిండా అల్లుళ్ళు. కనుమ వెళ్ళాక వచ్చే వారం నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా ముదరదు.

కారు విషయంలో ఒక్క మాట. అద్దె కార్లలో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంటుంది. మడిచిన వీల్‌చైర్ దాదాపు మూడడుగుల పొడవు, ఒక అడుగు మందం. సిలిండరుంటే అది పట్టదు. బండి పంపే ముందు డిక్కీ తెరిచి ఫోటో పంపమనండి. సీటు ఎత్తు కూడా ముఖ్యం. బాగా కిందికుండే చిన్న కార్లలోంచి మోకాళ్ళు లేవనివ్వవు, పెద్ద జీపుల్లాంటివాటిలోకి కాలు ఎత్తలేం. నిలబడినప్పుడు సీటు మన తొడ మధ్యకి వచ్చే బండి సరిపోతుంది. సీటు మీద ఒక ప్లాస్టిక్ సంచి పరిస్తే కూచుని అలాగే లోపలికి తిరిగిపోవచ్చు. తిరిగాక సంచి లాగెయ్యాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారతాం.

రాజమండ్రి ఘాట్లన్నిటికీ మెట్లే. నీళ్ళ దగ్గర మెట్లకి పాచి పడుతుంది. కర్ర అడుగున రబ్బరు అరిగి నున్నబడితే ఆ పాచి మీద నిలవదు. బయల్దేరేముందు కొత్త రబ్బరు వేయించుకోవాలి, యాభై రూపాయల పని. పుష్కర ఘాట్‌లో సాయంత్రం హారతి కిందికి దిగకుండా పైనుంచే చూశాం, బాగానే కనిపించింది. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ దుకాణం ముందు నిలబడే తాగాలి. కారులోంచి చెయ్యి ఊపితే కుర్రాడు గ్లాసులు తెచ్చిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడి, ఎక్కడినించండీ, ఎన్నాళ్ళుంటారండీ అని ఆరా తీసి వెళ్ళాడు. ఈ జిల్లాల్లో అడక్కపోతేనే అమర్యాద.

జనవరి 21, మంగళవారం – ఆత్రేయపురం, ర్యాలి

ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా కోనసీమలోకి వెళ్ళాం. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. నాలుగు భాగాలు, అన్నీ కలిపి 175 గేట్లు, అందులో ధవళేశ్వరం వైపు 70. దాని మీద ఆగనివ్వరు, ఆగే చోటూ లేదు. అటునుంచి బొబ్బర్లంక వైపు వెళ్తుంటే కుడి పక్క నిండు నీరు, ఎడమ పక్క ఇసుక తిన్నెలు. కారు దిగలేనివాళ్ళు కుడి కిటికీ పక్కన కూచోవాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇంటి అరుగు ముందే కారు ఆపించాం. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు పడుతుంది. అంచు పట్టి తీస్తే చేతిలో బరువే తెలీదు. చేసే ఆవిడ మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఈ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్ళకి మాత్రం జాగ్రత్త చెప్పాలి. పొడి రేకు, లోపలి పంచదార పొడి గొంతులో పడితే పొరపోతుంది. నెయ్యి బాగా పట్టిన బెల్లం పూతరేకు తీసుకుని, చిన్న ముక్కలు చేసి, నిటారుగా కూచోబెట్టి, ముక్క మింగాకే రెండోది ఇవ్వాలి. పొడిపొడిగా ఉన్నదాన్ని కారు నడుస్తుండగా తినిపించొద్దు. మామిడి తాండ్ర కూడా ఈ ఊళ్ళోదే మంచిది, కాకపోతే పళ్ళకి అంటుకుంటుంది.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఒకే రాతిలో ముందు విష్ణువు, వెనక మోహిని. వెనక వైపు చూడాలంటే విగ్రహం చుట్టూ వెళ్ళాలి, అక్కడ వీల్‌చైర్ తిరగదు. ముందు వైపు దర్శనం వరకే అనుకుని వెళ్తే నిరాశ ఉండదు. నడవగలిగిన మనిషి వెళ్ళి చూసొచ్చి చెప్పాల్సిందే. బయటి చక్రాలు గుళ్ళోకి వద్దంటారేమోనని రెండు పాత దుప్పటి ముక్కలు తీసుకెళ్ళాం. చక్రాలు తడిగుడ్డతో తుడిచి చూపిస్తే చాలాచోట్ల సరేనంటారు. వాడపల్లి వెంకన్న, మందపల్లి శనీశ్వరుడు ఈ దగ్గర్లోనే. రెండుచోట్లా శనివారం జనం, వీల్‌చైర్‌తో ఆ రోజు వెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు.

రాత్రికి అమలాపురం. గది అడిగితే ప్రతి లాడ్జీవాళ్ళూ "గ్రౌండ్ ఫ్లోరేనండి" అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ ఈ పల్లపు నేలలో వానకి నీళ్ళు నిలుస్తాయని ఏ కట్టడమైనా పునాది ఎత్తు చేసి కడతారు, కాబట్టి గ్రౌండ్ ఫ్లోరుకీ నాలుగైదు మెట్లు తప్పవు. అడగాల్సింది "రోడ్డు మీంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు, ఎన్ని గడపలు" అని. రెండో ప్రశ్న, బాత్‌రూము తలుపు వెడల్పు. టేపు పట్టి ఫోటో పంపమంటే విసుక్కున్నవాళ్ళున్నారు, వెంటనే పంపినవాళ్ళూ ఉన్నారు. పంపినవాళ్ళ దగ్గరే దిగాం.

జనవరి 22, బుధవారం – అంబాజీపేట, దిండి

పొద్దున్నే అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకుల్ని పుల్లలతో దొన్నెలా కుట్టి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు వాసన పిండికి పడుతుంది. పుల్లలు తీసేశాకే పెట్టమని చెప్పండి, చెయ్యి సరిగా రానివాళ్ళకి ఆ పుల్ల నోట్లోకి పోయే ప్రమాదం ఉంది. హోటలు బల్లలు ఎత్తు, బెంచీలకి వీపు ఆనుకోడానికేమీ లేదు. కారు ముందు సీటే నయమనిపించింది.

దిండిలో రిసార్టువాళ్ళ ఇళ్ళ పడవ, అంటే గదులున్న హౌస్‌బోటు. ముందుగా గట్టు సంగతి. రేవు సిమెంటు గట్టు. మూడు దాటాక చేరేసరికి పోటు దాదాపు నిండుగా ఉంది. బోటు అంచు గట్టుకి జానెడు కిందికి ఉంది, అంటే తొమ్మిదంగుళాలు. గట్టుకీ బోటుకీ మధ్య ఇంకో జానెడు ఖాళీ. వాళ్ళ దగ్గరుండే బల్ల ఒక అడుగు వెడల్పు, మనిషి నడవడానికే. మేం పట్టుకెళ్ళింది ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న పంతొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ బల్ల. కింద నిలువునా రెండు టేకు రీపర్లు, చక్రం పక్కకి జారకుండా రెండంచులకీ అంగుళం పట్టీలు, పైన కొబ్బరి పీచు పట్టా మేకులతో కొట్టించాం. ఇరవై కిలోలుంటుంది, కారు పైన కట్టాం. వడ్రంగి కూలితో కలిపి మూడున్నర వేలు అయింది.

లెక్క ఇది. బల్ల రెండు కొసలూ గట్టు మీదా బోటు మీదా చెరో అర అడుగు ఆనాలి, బోటు ఊగినప్పుడు జారకుండా. మిగిలేది అయిదడుగులు. తొమ్మిదంగుళాల తేడాకి అయిదడుగుల బల్లంటే వాలు ఏడుకి ఒకటి. సొంతంగా చక్రం తిప్పుకునేవాళ్ళకి పన్నెండుకి ఒకటి దాటకూడదు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే ఏడుకి ఒకటి చెయ్యొచ్చు. తేడా మూరెడైతే వాలు మూడుకి ఒకటి దగ్గరికి వస్తుంది, అప్పుడు ఎంతమంది పట్టుకున్నా వద్దు.

బోటుని ముందూ వెనకా రెండు మోకులతో గట్టుకి బిగించాలి. ఒక్క మోకుతో కడితే మనిషి బరువు పడగానే రెండో కొస దూరం జరుగుతుంది. దిగేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి తిప్పి, మనిషి ముఖం గట్టు వైపు ఉండేలా దించాలి. కింద బలమైన మనిషి, పైన పట్టుకునేవాళ్ళు ఒకరు. సాయం చెయ్యడానికి ఇక్కడ ఎవరూ వెనకాడరు, అదే ఒక్కోసారి చిక్కు. నలుగురు పరిగెత్తుకొచ్చి చేతులానించే పట్టీలు పట్టుకుని పైకెత్తుతారు, ఆ పట్టీలు ఊడి చేతిలోకి వస్తాయి. పాదాల పలకలూ అంతే. అందుకే ఊడని ఇనప ఫ్రేము మీద నాలుగుచోట్ల ఎర్ర టేపు చుట్టాం. "బాబూ, ఎర్ర టేపు ఉన్నచోటే పట్టుకోండి" అంటే చాలు, పాఠం చెప్పక్కర్లేదు. బోటు మీద పనిచేసే ఇద్దరు కళాసీలకి చెరో వంద ఇచ్చాం. ఎక్కించే ముందే ఇస్తే బేరంలా ఉంటుంది, దిగేటప్పుడు ఇవ్వడమే మర్యాద.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటపడొద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి ఈ నది ఒడ్డున ఎవరూ మర్చిపోలేదు. జాకెట్ కట్టాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి, గడ్డం దాటి పైకొస్తే వదులన్నమాట. ఇంకొక్క సంగతి, బోటు మీద వీల్‌చైర్ బెల్టు పెట్టుకోకూడదు. కుర్చీ ఇనుము, మునుగుతుంది. మనిషి దానికి కట్టి ఉండకూడదు. బ్రేకులు వేసి, చక్రాలకి ముందూ వెనకా చెక్క ముక్కలు అడ్డం పెట్టాలి.

గది గుమ్మానికి ఆరంగుళాల గడప, నీళ్ళు లోపలికి రాకుండా. బాత్‌రూము తలుపు ఇరవై రెండంగుళాలు, మా వీల్‌చైర్ ఇరవై అయిదు. గుమ్మం దాకా కుర్చీ, అక్కణ్ణించి మూడడుగులు గోడ పట్టుకుని నడక, లోపల ప్లాస్టిక్ కుర్చీ. గోడకి అతికే రబ్బరు పిడులు కొనుక్కెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నాను, అవి నున్నటి టైలు మీదే పట్టుకుంటాయి. చెక్క గోడ మీదా, గరుకు ఫైబరు మీదా చెయ్యి వెయ్యగానే ఊడిపోతాయి, మనిషి పడతాడు. మంచం ఎత్తు తక్కువైతే ఇంకో పరుపు అడగాలి. కమోడు మీద పెట్టే నాలుగంగుళాల ప్లాస్టిక్ ఎత్తు మాత్రం ఎక్కడికైనా తీసుకెళ్ళాల్సిన వస్తువే.

చీకటి పడకముందే బోటు తిప్పుకొచ్చి రేవుకి కట్టేశారు. రాత్రి భోజనంలో బొమ్మిడాయిల పులుసు, రొయ్యల వేపుడు, కంద బచ్చలి. మావారికి ముల్లు భయం కాబట్టి రొయ్యలు. వంటాయన తోకలు కూడా తీసి పెట్టాడు, అడక్కుండానే.

జనవరి 23, గురువారం – దిండి, అంతర్వేది, నర్సాపురం

తెల్లారకముందే బోటు నడిపే సరంగు తలుపు కొట్టాడు. "బాబాయిగారూ, పాటు తీసేస్తందండి. టిఫినయ్యాక దిగుదామంటే ఇంకో జాన కిందికెళ్ళిపోద్దండి బోటు. ఇప్పుడే దిగిపొండి." పాటంటే పోటు నీళ్ళు వెనక్కి దిగడం. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండున్నర గంటల లోపు. మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకి నిండుగా ఉంటే, తెల్లవారుజామున నాలుగుకి మళ్ళీ నిండుగా ఉంటుంది, ఆ తర్వాత దిగడమే. రిసార్టువాళ్ళ కాగితంలో టిఫిను ఎనిమిదికి, ఖాళీ చెయ్యడం పదికి. ఆ పది గంటలకి ఇక్కడ నీళ్ళు అడుగంటే వేళ. ఆరున్నరకి దిగి గట్టు మీద కూచుని ఇడ్లీలు తిన్నాం. తొమ్మిదింటికి చూస్తే బోటు అంచు మూరెడు లోతున ఉంది. ఇదంతా అష్టమి దాటిన మర్నాడు. పౌర్ణమికి వచ్చేవాళ్ళు ఊహించుకోవచ్చు. పోటు రోజుకి ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంది, కాబట్టి గది తీసుకునేటప్పుడే సరంగుతో ఫోనులో మాట్లాడించమని అడగండి. ఆఫీసులో కూచున్నాయనకి ఇవి తెలీవు.

మెట్లు తప్పనిచోట నాకు పనికొచ్చేది పాత సూత్రమే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర, నొప్పి ఎక్కువున్న మోకాలికి అవతలి చేతిలో.

అంతర్వేది గుడి పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే ముందున్న బండలన్నీ కాలతాయి. స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్న సంగతి తెలీదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది. పదకొండు లోపు చూసుకోవాలి, లేదా కొత్త మేజోళ్ళు వేసుకోవాలి. కల్యాణానికి ఇంకా రెండు వారాలుంది, పందిళ్ళ గుంజలు దిగుతున్నాయి. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. ఇసుకలో వీల్‌చైర్ ముందుకి తోస్తే చిన్న చక్రాలు నాగలి కర్రులా దిగిపోతాయి. వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాగాలి. అలా గట్టి ఇసుక దాకా పోవచ్చు, తడి ఇసుక మీద తేలిగ్గా నడుస్తుంది.

అక్కణ్ణించి సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే కార్లని కూడా నది దాటించే పెద్ద పడవ, ఎక్కి నర్సాపురం. ఫోనులో మ్యాపు చూపించిన గట్టు దారి ఇంకో రేవుకి తీసుకెళ్ళింది, అక్కడ చిన్న పడవలే, కారు ఎక్కేది లేదు. కాలవ గట్టు మీద కారు తిప్పుకోడానికి చోటు లేక అర కిలోమీటరు వెనక్కి రావలసి వచ్చింది. "పంటు రేవు ఎటు" అని అడగాలి, ఉత్తి "రేవు ఎటు" అంటే ఏ రేవైనా చూపిస్తారు. దూరం అడిగితే "ఇక్కడేనండి" అనే జవాబుకి అర్థం పావు కిలోమీటరు నించి అయిదు దాకా. పంటు మీద మనిషి కారు దిగక్కర్లేదు. కానీ అద్దాలు దించి, బెల్టులు తీసి, తలుపు లాకులు తెరిచి ఉంచాలి, చేతిబ్రేకు గట్టిగా లాగాలి. కారుకీ మనుషులకీ కలిపి రెండొందల లోపే తీసుకున్నారు. తిరుగు ప్రయాణం పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా. పాలకొల్లులో దిబ్బరొట్టె, చెరుకు పానకం. మీగడలాంటి లోపలి భాగం మావారికి, మాడిన అంచు నాకు.

జనవరి 24, శుక్రవారం – యానాం, ద్రాక్షారామం

కొబ్బరి తోటల్లో ఆగినప్పుడు చల్లగా ఉందని కాయలున్న చెట్టు కింద వీల్‌చైర్ నిలపొద్దు. నడవగలిగినవాళ్ళు చప్పుడు విని తప్పుకుంటారు.

యెదుర్లంక వంతెన దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. నది ఒడ్డున చదునైన దారి, ఈ ప్రయాణం మొత్తమ్మీద మావారు తనంతట తాను చక్రం తిప్పుకున్న చోటు ఇదే. పొద్దున్న రావాలి. సాయంత్రం మందు దుకాణాలకొచ్చే బళ్ళతో రోడ్లు ఇరుకవుతాయి.

ద్రాక్షారామం భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల్లో ఉంటుంది. పై భాగం, అభిషేకం చూడాలంటే మెట్లెక్కాలి, అవి నిటారుగా, చీకటిగా ఉంటాయి. కింది అంతస్తులో అడుగు భాగం దర్శనమవుతుంది. మేం కిందే ఆగాం. "పైన మేం దణ్ణం పెట్టుకొస్తాం లెండి పిన్నిగారూ" అని ఎవరో తెలియని అమ్మాయి మా గోత్రం అడిగి మరీ ఎక్కింది.

జనవరి 25, శనివారం – కోరంగి, కాకినాడ

కోరంగి మడ అడవిలో నడవడానికి చెక్క వంతెన దారి ఉంది. చెక్కలు దారికి అడ్డంగా పరిచినచోట సందులు చక్రానికి అడ్డంగా వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. చెక్క పైకి లేచినచోట ముందు చక్రాలెత్తి దాటించాలి. అయిదంగుళాల ముందు చక్రాలు తగులుకుంటాయి, ఎనిమిదంగుళాలవైతే దాటేస్తాయి. కొత్త వీల్‌చైర్ కొనేవాళ్ళు ఇది చూసుకోండి. తడిస్తే జారుడు. పాటు వేళకి వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన తెల్లమడ శ్వాసవేర్లు, ఎండ్రకాయలు, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. పోటు వేళకైతే నీళ్ళు తప్ప ఏమీ ఉండదు. కానీ ఏట్లో తిరిగే బోటెక్కాలంటే మళ్ళీ పోటే కావాలి. మేం బురద చూడ్డానికే ఓటేశాం.

కాకినాడ చేరేసరికి ముందు చక్రం తిరగడం మానేసింది. అంతర్వేది ఇసుక, ఉప్పునీళ్ళు ఇరుసులోకి చేరితే రెండు రోజుల్లో పట్టేస్తుంది. సముద్రపు ఒడ్డుకెళ్ళిన సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కల నూనె వెయ్యాలి. సైకిలు రిపేరు షాపాయన ఇరుసు విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, ఎనభై రూపాయలు తీసుకున్నాడు. పదమూడో నంబరు పానా అక్కడే కొనుక్కున్నాం. వీల్‌చైర్‌తో వెళ్ళేవాళ్ళు ఆ పానా ఇంటి దగ్గరే సంచిలో వేసుకోండి, ముందు మీ చక్రానికి ఏ నంబరు పడుతుందో చూసుకుని.